నాన్నగారడిగిన లెక్క

వోయిన్‌జామా,
లైబీరియా, పశ్చిమ ఆఫ్రికా,
25 ఆగస్టు 2024, ఆదివారం.

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకి నమస్కారాలు.

నేనిక్కడ క్షేమం. మీరంతా క్షేమమని తలుస్తాను.

నాన్నగారూ, మీ కంటి ఆపరేషన్ అయి నెల దాటింది కదా, అందుకే అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. అయినా ఒక్కసారే కూర్చుని చదివెయ్యకండి, రెండు మూడు విడతలుగా చదవండి. ఎండలోకి వెళ్తే నల్లద్దాలు పెట్టుకోండి. ఏ చుక్కల మందు ఎప్పుడు వెయ్యాలో చిన్నక్క కాగితం మీద రాసి గోడకి అంటించిందట, మంచి పని చేసింది. మాతో పనిచేసే ఒరియా ఆయన బుధవారం బయల్దేరి సెలవు మీద ఇంటికి వెళ్తున్నారు. ఈ ఉత్తరం ఆయన చేతికిస్తాను, భువనేశ్వర్‌లో పోస్టు చేస్తారు. ఈ వానల్లో ఫోను రెండు మాటలకే కట్టయిపోతోంది. మీరేదో అడగడం, నేను సగం చెప్పడం, అమ్మ మిగతా సగం ఊహించుకుని భయపడడం, ఇలాగే అవుతోంది.

అమ్మా, ముందు నీ సంగతి. టీవీలో మంకీపాక్స్ అని చూపించినప్పుడల్లా ఆఫ్రికా మ్యాపు మొత్తం ఎర్రగా చూపిస్తున్నారని చెప్పావు. అది ఎక్కువగా ఉన్నది కాంగోలో. కాంగోకీ నేనుండే చోటుకీ మధ్య ఎన్ని దేశాలున్నాయో నాన్నగారిని అట్లాసు తీసి చూపించమను. ఆఫ్రికా అంటే ఒక ఊరు కాదమ్మా. నేను చేతులు కడుక్కుంటున్నాను, కాచి చల్లార్చిన నీళ్ళే తాగుతున్నాను. ఎబోలా గురించి కూడా ఎవరో నీకు చెప్పారట. దాచేదేముంది, 2014 మార్చిలో ఈ దేశంలో మొదటి కేసులు బయటపడింది మా జిల్లాలోనే, ఫోయా దగ్గర. అవతల గినీలో గెకెడు వైపు మొదలై సరిహద్దు దాటి వచ్చింది. ఈ దేశం మొత్తం మీద 4,800 మందికి పైగా పోయారు. కానీ ఇంకోటి కూడా విను. అందరికన్నా ముందు దాన్ని అదుపులోకి తెచ్చినవాళ్ళలో మా జిల్లా ఈ లోఫా వాళ్ళే ఉన్నారు. శవాన్ని ముట్టుకుని కడిగి సాగనంపడం వాళ్ళకి ఎంత ముఖ్యమో నేను చూశాను. అంతటి అలవాటుని గుండె రాయి చేసుకుని మానుకున్నారు. ఆ ఏడాది చివరికల్లా ఇక్కడ కొత్త కేసులు ఆగిపోయాయి. ఇప్పటికీ కొన్ని ఇళ్ళ ముందు కుళాయి బిగించిన బకెట్లు కనిపిస్తాయి. అవి ఆ రోజుల్లో పెట్టినవే.

జ్వరం మాట కూడా చెప్పేస్తాను. జులైలో నాకు మలేరియా వచ్చింది. వీడియోలో మొహం పీక్కుపోయిందని నువ్వు అడిగినప్పుడు వెలుతురు సరిగ్గా లేదన్నాను. అబద్ధం చెప్పాను. చెప్తే నువ్వు అన్నం మానేసి కూర్చుంటావని. నాలుగు రోజులు పడుకున్నాను. వేలు పొడిచి అక్కడికక్కడే పరీక్ష చేశారు, మూడు రోజుల మాత్రలు ఇచ్చారు, తగ్గిపోయింది. ఇక్కడ మలేరియా మన ఊళ్ళో పడిశం పట్టినంత మామూలు. ఒంటరిగా పడి ఉన్నానని మాత్రం అనుకోవద్దు. నేను అద్దెకుండే ఇంటి ఓనరమ్మ పొద్దున సాయంత్రం వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. మిరపకాయలు దంచి వేసిన చేపల చారు గిన్నెతో తెచ్చి, అంతా తాగేదాకా తలుపు దగ్గరే నిలబడింది. పెద్దావిడ. ఇక్కడ పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవరు, ఓల్డ్ మా అంటారు, మగవాళ్ళనైతే ఓల్డ్ పా. నేనూ అలాగే పిలుస్తాను. ఆవిడకి నీ ఫోటో చూపించాను. నీ బొట్టు చూసి చాలా బావుందంది.

వరలక్ష్మీ వ్రతం ఫోటో వచ్చింది. అమ్మవారికి కట్టిన ఆకుపచ్చ చీర పెద్దక్కదే కదా?

పని సంగతి: టవర్లు, జనరేటర్లు, డీజిల్, బ్యాటరీలు. అంతే. ఆగిన రెండు నెలల జీతం ఈ నెల ఒకేసారి వేశారు, బ్యాంకులో వేసేశాను, స్లాబు అప్పు వాయిదా కట్టేయండి.

ఇప్పుడు నాన్నగారడిగిన లెక్క. "నువ్వుండేది ఏ జిల్లా, ఏ మండలం, జనం ఎంత, విస్తీర్ణం ఎంత, పద్ధతిగా రాసి పంపు" అన్నారు. పద్ధతిగానే రాస్తున్నాను.

లైబీరియాలో 15 కౌంటీలు. కౌంటీ అంటే మన జిల్లా అనుకోండి. మాది లోఫా, దేశానికి ఉత్తరపు చివర. జిల్లా కేంద్రం వోయిన్‌జామా, నేనుండే ఊరు. కౌంటీ కింద ఉండేవాటిని వీళ్ళు డిస్ట్రిక్టులంటారు. జిల్లాలో మళ్ళీ జిల్లాలేమిటని మీరు ఫోన్లో అడిగింది దీని గురించే. మన లెక్కలో అవి మండలాలు. మొదట ఆరు ఉండేవి, తర్వాత క్వార్డు బోనీని వేరు చేశారు, ఇప్పుడు ఏడు. రాజధాని మన్రోవియా నుంచి వస్తూ సెయింట్ పాల్ నది దాటితే మొదట సలాయియా, తర్వాత జోర్జోర్, ఆ తర్వాత మా వోయిన్‌జామా. గినీ సరిహద్దుని ఆనుకుని క్వార్డు బోనీ. ఇంకా పడమరకి వెళ్తే కోలాహున్, ఆ పైన మూల మీద ఫోయా. సియెర్రా లియోన్ వైపు అడవిలో వాహున్.

విస్తీర్ణం 9,982 చదరపు కిలోమీటర్లు. మన పాత తూర్పు గోదావరి, అంటే 2022లో విడదీయకముందుది, 2011 లెక్కల నాటికి 10,807. దాదాపు సమానం. ఇప్పుడు జనం చూడండి. 2011లో మన పాత జిల్లా జనాభా 51,54,296. లోఫా జనాభా 2022 లెక్కల ప్రకారం 3,67,376. అంత నేల మీద ఇంతే మంది. చదరపు కిలోమీటరుకి 37 మంది కూడా పడరు. ఇంకో మాట చెప్తే నమ్మరు, ఈ దేశం మొత్తం జనాభా 52 లక్షల చిల్లర. మన పాత జిల్లా ఒక్కదానిలో ఉన్నంత జనం ఇక్కడ ఒక దేశం. అందులోనూ మూడో వంతుకి పైగా మన్రోవియా ఉన్న మాంట్‌సెరాడో కౌంటీలోనే ఉన్నారు. అయినా జనం లెక్కన 15 కౌంటీల్లో లోఫాది నాలుగో స్థానం.

ఏడింటిలోనూ జనం ఎక్కువున్నది ఫోయా. 2008లోనే 70 వేలు దాటారు. తక్కువ వాహున్, అప్పటికి 20 వేలు కూడా లేరు. ఫోయా ఎందుకు అంత పెద్దదో అక్కడి సంతకి వెళ్తే తెలుస్తుంది. మూడు దేశాలు కలిసేచోటు అది. కిస్సీ తెగవాళ్ళు గినీలోనూ ఉన్నారు, సియెర్రా లియోన్‌లోనూ ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. గీతలు ఎవరో గీశారు గానీ మేనమామ అటు, మేనకోడలు ఇటు. మన ఆంధ్రా ఒడిశా సరిహద్దులో పెళ్ళిళ్ళు లేవూ, అలాగే. ఇప్పటి అధ్యక్షుడు జోసెఫ్ బోకై గారిది కూడా ఆ ఫోయా వైపే. జనవరిలో ఆయన ప్రమాణ స్వీకారం చేసిన రోజు ఇక్కడ రాత్రంతా డప్పులు మోగాయి. కోలాహున్ వైపు బాండీ వాళ్ళు, జోర్జోర్, వోయిన్‌జామా వైపు లోమా వాళ్ళు, సలాయియాలో పెల్లే వాళ్ళు, వాహున్‌లో మెండే వాళ్ళు, క్వార్డు బోనీలో మాండింగోలు. ఒక్కో చోట ఒక్కో భాష. నాకు ప్రతి చోటా "ఎలా ఉన్నారు" అనే ఒక్క మాట వచ్చు. ఆ ఒక్క మాటకే పొంగిపోతారు.

అమ్మా, ఆ ఫోయా సంతలో ఏం దొరికిందో చెప్తే నువ్వు నమ్మవు. సియెర్రా లియోన్ నుంచి వచ్చిన ఒకావిడ తాటాకు బుట్టలో ఆకు పెట్టుకుని కూర్చుంది. ఎర్రకాడ. నేను ఒక ఆకు తుంచి నోట్లో పెట్టుకున్నాను. గోంగూర! ఇంకోటీ ఇంకోటీ కాదు, అచ్చం మన గోంగూర. దాన్ని వాళ్ళు సావా సావా అంటారట, పుల్లపుల్లగా ఉంటుందని ఆ పేరు. బుట్ట బుట్టంతా కొనేశాను. ఎందుకంతని ఆవిడ రెండుసార్లు అడిగింది. ఇంటికొచ్చి ఎర్ర పామాయిల్‌లో మగ్గబెట్టి, పచ్చిమిర్చి ఎలాగూ ఇక్కడ మనకన్నా ఘాటు, రోటిలో నూరుకున్నాను. ఓల్డ్ మా రోలు, కర్ర రోలు, నిలబడి దంచేది. వేడన్నంలో కలిపి ఆవిడకీ ఒక ముద్ద పెట్టాను. నేను తిన్నంత తిని కాసేపు అలాగే కూర్చున్నాను, చెయ్యి కడుక్కోబుద్ధి కాలేదు. నిలవ పచ్చడికి ఆకు ఎంత ఆరాలో, మెంతిపిండి ఎంత వెయ్యాలో చిన్నక్కతో రాయించి పంపు. ఈ వానల్లో ఆకు ఆరడమే కష్టం.

తిండికి లోటు లేదని అందుకే చెప్తున్నాను. వీళ్ళకీ అన్నమే. రొట్టె తిన్నా, కర్రపెండలం తిన్నా, అన్నం ముట్టకపోతే ఈ రోజు ఏమీ తినలేదనే అంటారు. కర్రపెండలం ఆకు దంచి కూర చేస్తారు, చిలగడదుంప ఆకు సన్నగా తరిగి చేస్తారు. వంకాయలో చిన్నరకం ఒకటుంది, చేదుగా ఉంటుంది, దానితో చేసే కూర లోఫాకే ప్రత్యేకం. లోఫా ఈ దేశానికి ధాన్యపు కొట్టు లాంటిది, మనం కోనసీమ అన్నట్టు. కొండవాలు మీద నరికి కాల్చి జల్లే వరి ఒకటి, పల్లంలో బురద పొలాల వరి ఒకటి. పల్లపు పొలాలు చూస్తే మన చేలే గుర్తొస్తాయి, గట్లు మాత్రం మనంత తిన్నగా ఉండవు.

నాన్నగారూ, కలెక్టరు ఎవరని అడిగారు. కౌంటీకి సూపరింటెండెంట్ ఉంటారు, అధ్యక్షుడే నియమిస్తారు. మండలానికి కమిషనర్, అంటే మన తహశీల్దారు లాగా. ఆ కింద ఆఫీసులు కావు, పెద్దలు. పారమౌంట్ చీఫ్, ఆయన కింద క్లాన్ చీఫ్, ఊరికి టౌన్ చీఫ్. మేము ఏ ఊళ్ళో టవరు పని పెట్టుకున్నా ముందు టౌన్ చీఫ్ దగ్గరికి వెళ్ళి కోలా కాయలు ఇచ్చి వచ్చిన పని చెప్పాలి. పూర్వం మన ఊరి మునసబు, కరణాల దగ్గరికి వెళ్ళినట్టు. ఆయన చెయ్యి కలిపి, వదిలేటప్పుడు మన మధ్యవేలుతో కలిపి చిటిక వేస్తారు. ఆ చిటిక మోగితే పని అయినట్టే. మొదట్లో నాకు మోగేది కాదు. ఇప్పుడు మోగుతోంది.

మన ఇంటికొచ్చే కాగితాల్లో ఇంకా సగం తూర్పు గోదావరి అనీ, సగం కోనసీమ అనీ ఉంటోందన్నారు కదా. ఇక్కడా అంతే. దక్షిణాన ఉన్న బార్పోలూ 2001 దాకా లోఫాలోనే ఉండేది, దాన్ని కౌంటీ చేశారు. ఇప్పటికీ ఆ వైపు ముసలివాళ్ళు మాది లోఫాయే అంటారు. మీరు తాలూకా అని నోరు జారినట్టు.

రోడ్డు గురించి దాచను. మన్రోవియాకి నాలుగు వందల కిలోమీటర్ల దాకా ఉంటుంది, దారిలో బార్ంగా అనే ఊరు దాటాక చాలాచోట్ల ఎర్రమట్టే. మే నుంచి అక్టోబరు దాకా వానలు. లారీ ఇరుక్కుంటే వెనక వచ్చినవాళ్ళంతా అక్కడే పొయ్యి వెలిగిస్తారు. ఫోయాకి ఎండాకాలంలో రెండు గంటలు, ఇప్పుడైతే ఎంతసేపని చెప్పలేం. నేను రాత్రిపూట ప్రయాణం చెయ్యను, ఇది మీకిచ్చిన మాట. ఊళ్ళో తిరగడానికి మన బజాజ్ ఆటోలే ఉన్నాయి, కెకె అంటారు. మొదటిసారి చూసినప్పుడు రావులపాలెం సెంటర్లో ఉన్నట్టే అనిపించింది.

ఇంకొక్క సంగతి, ఇది మీకోసమే నాన్నగారూ. ఫోన్లో ఎన్నిసార్లో చెబుదామనుకున్నాను.

వీళ్ళ జనాభా లెక్కలు మన లాగా పదేళ్ళకొకసారి జరగలేదు. 1984లో జరిగాయి, ఆ తర్వాత 2008లోనే. మధ్యలో 24 ఏళ్ళు. రెండు అంతర్యుద్ధాలు. 1989లో మొదలై మధ్యలో కొంత ఆగి 2003 దాకా. లోఫా సగం ఖాళీ అయి గినీకి పారిపోయింది. 2008లో లెక్కపెడితే ఈ జిల్లాలో 2,76,863 మంది. 2018లో జరగాల్సిన లెక్క వాయిదాల మీద వాయిదాలు పడి 2022 నవంబరులో జరిగింది. నేనప్పటికి వచ్చి తొమ్మిది నెలలు.

సాయంత్రం పూట ఒక కుర్రాడు వచ్చాడు, చేతిలో ట్యాబ్. కాగితాలు లేవు. వసారాలో ఓల్డ్ మా బల్ల వేసింది. రాత్రి ఈ ఇంట్లో ఎంతమంది పడుకున్నారని అడిగాడు. ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది, తను, ఇద్దరు కూతుళ్ళు, ముగ్గురు మనవలు. మా గది వైపు చెయ్యి చూపించి ఈ అబ్బాయిని కూడా రాయి అంది. ఆ కుర్రాడు నా పేరు, వయసు, పుట్టిన దేశం, చదువు అన్నీ అడిగాడు. మన ఇంటిపేరు మూడుసార్లు అక్షరం అక్షరం చెప్పాల్సి వచ్చింది. అంతా అయ్యాక ఓల్డ్ మా ఆ ట్యాబ్ తన వైపు తిప్పమంది. ఆవిడకి చదువు రాదు. మనవరాలిని పిలిచి పేర్లన్నీ పైకి చదివించుకుంది. తన పేరు దగ్గర ఆపి ఇంకోసారి చదవమంది.

వాళ్ళు వెళ్ళాక చెప్పింది. తనని మూడుసార్లు రాశారట. పెళ్ళైన కొత్తలో ఒకసారి, భర్త పక్కన కూర్చుని ఇద్దరి పేర్లూ చెప్పాడట. గినీ నుంచి తిరిగొచ్చాక ఒకసారి, అప్పుడు తను ఒక్కతే చెప్పింది. ఇది మూడోది. ఇంకేమీ చెప్పలేదు, లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

నాకు 2001 గుర్తొచ్చింది. ఫిబ్రవరి నెలాఖరు, మన జనాభా లెక్కల్లో మీరు ఇళ్ళు లేనివాళ్ళని లెక్కపెట్టే రాత్రి. నేను మూడో తరగతి. అమ్మ వద్దంటున్నా మీ సైకిల్ వెనక ఎక్కి వచ్చాను. రావులపాలెం బస్టాండులో అరుగు మీద పడుకున్న ముసలాయన్ని మీరు మెల్లగా లేపారు. నన్నేం రాస్తావులే బాబూ అన్నాడు. మీరు పక్కన గొంతుక్కూర్చుని పేరు, ఊరు, అమ్మ నాన్న ఎక్కడివాళ్ళో అన్నీ అడిగి రాశారు. రాశాక ఆయన నా పేరేదీ అని అడిగితే మీరు టార్చిలైటు వేసి చూపించారు. ఆయనకీ చదువు రాదు. అయినా వంగి చాలాసేపు చూశాడు. మీకు గుర్తుందో లేదో. నాకు ఆ టార్చి వెలుగు కూడా గుర్తుంది.

అందుకని ఆ 3,67,376లో ఒకటి నేను. మన దగ్గర 2011 తర్వాత లెక్క జరగనే లేదు కదా, ప్రస్తుతానికి నేను ఇక్కడి లెక్కలోనే ఉన్నాను. ఈ జిల్లాలో తెలుగు మాట్లాడేవాడు నాకింతవరకూ కనిపించలేదు. ఆదివారాలు కొంచెం కష్టంగా ఉంటుంది, నిజం. అందుకే ఆదివారం ఉత్తరం రాస్తున్నాను.

పెద్దక్క చెప్పిన సంబంధం గురించి నేను వచ్చాకే మాట్లాడుకుందాం. ఆ అమ్మాయి వాళ్ళని ఆగమనీ చెప్పొద్దు, వద్దనీ చెప్పొద్దు.

అమ్మా, ఇది చెప్పడానికే ఇంతసేపు తిరిగాను. సంక్రాంతికి రాలేను. డిసెంబరుతో అయిపోవాల్సిన కాంట్రాక్టు ఇంకో ఏడాది ఉండమన్నారు, ఒప్పుకున్నాను. మీతో ఒక మాట అనకుండా ఒప్పుకున్నందుకు కోపం వస్తే నన్నే తిట్టు, నాన్నగారిని అనకు. స్లాబు అప్పు తీరిపోతుంది, చిన్నక్క కూతురు ఇంటర్‌కి డబ్బుంటుంది. మార్చిలో నెల రోజుల సెలవు ఇస్తామన్నారు, కాగితం మీద రాయించుకున్నాను. మార్చిలో రోడ్లు కూడా ఆరి ఉంటాయి. ఉగాదికి ఇంట్లో ఉంటాను. వేపపువ్వు నేనే కోస్తాను, సత్తిగాడి చేత కోయించొద్దు.

నాన్నగారూ, ఈ కాగితం వెనక మ్యాపు గీశాను. స్కేలు సరిగ్గా లేదు, నదులు మాత్రం చూసుకుని గీశాను. ఏడు మండలాలకీ పేర్లు రాశాను, మీ కళ్ళకి ఆనేలా పెద్దగా. వోయిన్‌జామా దగ్గర ఎర్ర పెన్నుతో చుక్క పెట్టాను. అది నా గది. దాని పక్కనే ఇంకో చుక్క ఉంది చూడండి, అది ఓల్డ్ మా వంటిల్లు.

ఉంటాను. అమ్మమ్మకి నా నమస్కారాలు చెప్పండి, ఆవిడకి సంక్రాంతి మాట మాత్రం ఇప్పుడే చెప్పకండి.

మీ
చిన్నోడు